గడ్డం కింద చెయ్యి

పీటర్‌హెడ్‌లో, చేపల మార్కెట్ వెనక వీధిలో,
చర్చి నేలమాళిగలో మంగళవారం రాత్రి తరగతి.
నేను పాఠం చెప్పేవాణ్ణి కాను, నేర్చుకునేవాణ్ణీ కాను.
టీ కాస్తాను. హీటరు మొరాయిస్తే ఓ తన్ను తంతాను.

ఐల్సా బుకన్ గారు బోర్డు మీద
రైలంత మాట రాసి పెట్టెలు విడదీస్తారు:
రె. ఫ్రి. జ. రే. టర్.
"గడ్డం కింద చెయ్యి పెట్టండి.
దవడ ఎన్నిసార్లు దిగితే అన్ని ముక్కలు."
పదకొండు దవడలు ఒక్కసారే దిగుతాయి
నెమరేసే మందలా.
"ఐదు" అంటాడు ఎబో. ట్రాలర్ మీద వలలు లాగిన
ఆ చేతికి వేళ్లు నాలుగే;
ఐదో లెక్కకి రెండో చెయ్యి అరువు తెస్తాడు.

మరి బరువెక్కడ?
బల్ల మీద పిడికిలితో గుద్ది చూడాలి.
'ఫ్రి' దగ్గర కప్పులు గలగలమంటాయి.
మిగతావన్నీ గొంతులోంచి జారిపోయే చన్నీళ్లు.

నాకు మా తెలుగు మాస్టారు గుర్తొస్తారు.
పద్యం నెత్తిన నిలువు గీతలూ కొక్కేలూ పెట్టించి
లఘువుని గురువంటే తొడపాశం పెట్టేవారు.
మా గురువు కంటికి కనబడేది:
దీర్ఘముంటే గురువు, సున్నా ఉంటే గురువు,
పక్కింట్లో ఒత్తుంటే ఈ ఇంట్లో గురువు.
ఇక్కడ ఆనవాలేదీ లేదు.
ఎక్కడ కూర్చుందో చెవికే చెప్తుంది,
అదీ దాని మనసైతే.

పైగా కాలు ఒక చోట నిలవదు.
ఫొటోగ్రాఫ్‌లో మొదటి గదిలో ఉంటుంది,
ఫొటో తీసే మనిషి రాగానే రెండో గదికి మారుతుంది,
ఇంకో తోక తగిలిస్తే మూడో గదికి.
ఇల్లు అదే, వంశమూ అదే.
ఖాళీ చేసిన గదిలో అచ్చు ఆరిపోయి
అకారానికీ ఎకారానికీ మధ్య ఎటూ కాని ఊపిరవుతుంది.
"దానికి అక్షరమాలలో చోటు లేదు,
కానీ ఇంగ్లిషులో అందరికంటే ఎక్కువ పని చేసేది అదే"
అన్నారు ఐల్సా గారు.
చేపలు కోసే షెడ్డు వాళ్లు ఆ మాటకి నవ్వారు,
కొంచెం ఎక్కువసేపు.

స్కైద్రీతె నవ్వలేదు.
లాత్వియా నుంచి వచ్చి ఏడేళ్లు; హాడక్ ముల్లు
చూడకుండానే తీసేస్తుంది.
ఆవిడ గడ్డం కింద చెయ్యి
పాఠం మొదలవకముందు నుంచే ఉంది.

విరామంలో చెప్పింది.
మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి ఫోను, తనేమో ఐసు మర పక్కన.
రొమ్ములోంచి చిన్న ముక్క తీసి పంపి మూడు వారాలు.
డాక్టరమ్మ మాటల్లో ఒక్కటే చెవిన పడింది:
నైన్.
తొమ్మిది.
ఏం తొమ్మిది? వారాలా, నెలలా?
తిరిగి చేసేసరికి రేపు ఉదయం దాకా మూసేశారు.

ఐల్సా గారు కప్పు కింద పెట్టలేదు, పైకెత్తనూ లేదు.
"నైన్‌కి ముందు ఇంకేమైనా ఉందా?"
ఉండదు అంది స్కైద్రీతె.
మా భాషలో బరువు మాట మొదట్లోనే.
బరువు వినబడిందంటే మాట అక్కడ పుట్టినట్టే.

ఐల్సా గారు సుద్దముక్క తీసి నైన్ రాశారు.
దాని ముందు చిన్న గీత గీశారు,
ఒక్క ఊపిరి పట్టేంత.

అలెప్పోలో ఒకప్పుడు మందుల కొట్టు నడిపిన నిదాల్,
ఇప్పుడు పెట్టెలు కడిగే నిదాల్, లేచి నిలబడ్డాడు.
పెదాలు కలిపాడు. వదిలాడు. చప్పుడు దాదాపు లేదు.
బి.
బినైన్.

"అంటే?"
"చెడ్డ గడ్డ కాదు" అన్నాడు.
"ఊరికే కూర్చుని ఉంటుంది. అంతే."

రూఢి చేసుకోవాలి, తెల్లారి ఫోన్ చెయ్యాలి,
ఇంకో మాటై ఉండొచ్చు అని
ఐల్సా గారు రెండుసార్లన్నారు.
అయినా ఎబో బల్ల గుద్దాడు:
మెల్లగా ఒకటి, గట్టిగా ఒకటి.
కప్పులు గలగలమన్నాయి.

స్కైద్రీతె గడ్డం కింద చెయ్యి తియ్యలేదు.
దవడ ఒకసారి దిగింది. రెండోసారి దిగింది.
మళ్లీ మొదటి నుంచి.

నేను హీటరుని తన్నడానికి వెళ్లాను.
అది బాగానే పనిచేస్తోంది.